ఇంజన్ చెడిన పాత కారు కొనవచ్చా? అపోహలు, వాస్తవాలు

అనంతపురంలోని మా షెడ్డుకు కారు కొనకముందు వచ్చి సలహా అడిగేవారి కంటే, కొన్న తరువాత వచ్చి దిగులుగా నిలబడేవారే ఎక్కువ. వారు చెప్పే మాట దాదాపు ఒక్కటే: "ఇంజన్‌లో కొంచెం పని ఉందని ముందే చెప్పినారన్నా, అందుకే ధర తగ్గించి ఇచ్చినారు." ఆ 'కొంచెం పని' గురించే ఈ నాలుగు మాటలు.

అపోహ: పనికి ఎంతవుతుందో లెక్క కట్టించి, ఆ మేరకు ధర తగ్గించుకుంటే నష్టం ఉండదు.

వాస్తవం: ఇంజన్ విప్పకముందు ఆ లెక్క ఎవరూ కట్టలేరు. పొగ చూసి "రింగులు (పిస్టన్ చుట్టూ ఉండే కడియాలు) మారిస్తే సరిపోతుంది" అని చెప్పే మెకానిక్కు అబద్ధం చెబుతున్నాడని నేను అనను. కానీ అతడు చెబుతున్నది అతి తక్కువలో తక్కువ ఖర్చు మాత్రమే. హెడ్, అంటే ఇంజన్ పైభాగం, దించాక సిలిండర్ గోడల మీద గీతలు కనిపిస్తే బోరు చేయించి (గోడలను చెక్కించి వెడల్పు చేయించి) కొంచెం పెద్దవైన ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాలి. కొన్ని ఇంజన్లకు అవి దొరకనే దొరకవు, అప్పుడు సిలిండర్ లోపల స్లీవులు (కొత్త గొట్టాలు) వేయించడమో, సిలిండర్లు ఉండే బ్లాకునే మార్చడమో తప్పదు. బాగా వేడెక్కిన బండి అయితే అల్యూమినియం హెడ్ వంగి ఉండవచ్చు. లేత్‌లో ఫేసింగ్ చేయించడానికి, అంటే చెక్కించి చదును చేయించడానికి, ఒక హద్దు ఉంది, పగులు ఉంటే ఆ దారీ మూసుకుపోతుంది. పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు, క్రాంకు, అరిగి ఉంటే గ్రైండింగ్ ఖర్చు వేరు. వీటిలో ఏది మీ వంతుకు వచ్చిందో తెలిసేది బండి మీ పేరున మారిన తరువాతే.

ధర్మవరం నుంచి వచ్చిన ఒక చేనేత కుటుంబం సంగతి చెబుతాను. ఇంట్లో పెద్దాయనను వైద్యానికి తరచుగా బెంగళూరు తీసుకువెళ్ళవలసి రావడంతో, అక్కడే ఒక డీజిల్ కారు చవకగా కొన్నారు. హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) మారిస్తే చాలునని అమ్మినవారు చెప్పారట. నేను ఆయిల్ మూత తీసి చూస్తే, లోపలివైపు మజ్జిగ మీద నురగలాగా తెల్లగా పేరుకుని ఉంది. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంటు ఆయిల్‌లో కలిసిపోయింది. ఆ స్థితిలోనే బండిని 44వ నంబరు జాతీయ రహదారి మీద ఇంత దూరం నడుపుకుంటూ వచ్చారు. నీరు కలిసిన ఆయిల్ బేరింగుల దగ్గర పొరగా నిలవదు. ఆయిల్ సంపు దించి కాన్‌రాడ్ బేరింగులు చేతిలోకి తీసుకుంటే, పైపూత అంతా పోయి అడుగున ఉండే రాగి రంగు బయటపడింది, హెడ్ కూడా వంగింది. అమ్మినవారు తగ్గించిన సొమ్ము లేత్ పనికే చాలలేదు. కొన్నవారిని తెలివితక్కువవారని నేను అనుకోను; ఇంట్లో రోగి ఉన్నప్పుడు, తక్కువ ధరకు బండి దొరుకుతుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది.

కాబట్టి లెక్కను తిరగేసి వేయండి. అదే మోడలు, అదే సంవత్సరపు బండి మంచి స్థితిలో ఉంటే మార్కెట్టులో ఎంత పలుకుతుందో కనుక్కుని, అందులోనుంచి ఇంజన్ పూర్తిగా చేయించడానికో మార్చడానికో అయ్యే ఖర్చునూ, బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళు మీకయ్యే బాడుగలనూ తీసివేయండి. మిగిలిన సొమ్ముకు అమ్మేవారు ఒప్పుకుంటేనే బేరం. సాధారణంగా ఒప్పుకోరు. అందుకే, కొనవచ్చా అని అడిగితే నా జవాబు ఎక్కువసార్లు వద్దనే ఉంటుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. జనం 'ఇంజన్ సమస్య' అనేదంతా ఇంజన్ లోపలిది కాదు. ఇగ్నిషన్ కాయిల్ పోయి మిస్సింగ్ రావచ్చు, ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంటింగులు చెడి బండి అదరవచ్చు, పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వులో మసి పట్టి పికప్ పడిపోవచ్చు. మీకు తెలిసిన మెకానిక్కుతో కంప్రెషన్ పరీక్ష (ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తుందో చూసేది) చేయించండి. అన్ని సిలిండర్లలో రీడింగు ఆ ఇంజన్‌కు ఉండవలసినంత ఉండి, ఒకదానికొకటి దగ్గరగా ఉండి, ఆయిల్, కూలెంటు శుభ్రంగా ఉంటే, అలాంటి బండికి ధైర్యంగా బేరమాడవచ్చు. పరీక్షకు ఒప్పుకోని అమ్మకందారుతో మాటలు పొడిగించవద్దు.

అపోహ: పొగ లేదు కాబట్టి ఇంజన్ మంచిది.

వాస్తవం: చిక్కటి ఆయిల్ పోసి, మీరు వచ్చేలోగా బండిని వేడిచేసి ఉంచితే పొగా శబ్దమూ కొంతసేపు అణగుతాయి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మరునాడు పొద్దున్నే వస్తామని చెప్పి, చల్లటి బండిని మీరే స్టార్ట్ చేయండి. వేడెక్కాక, ఐడ్లింగులో ఉండగా ఆయిల్ మూత జాగ్రత్తగా తీస్తే గుప్పుగుప్పున పొగ తన్నుకొస్తుంటే, మేము బ్యాక్ కంప్రెషన్ అనేది అదే; రింగులో సిలిండర్లో అరిగాయనడానికి గుర్తు. తాళం తిప్పగానే చెక్ ఇంజన్ లైటు ఒకసారి వెలగాలి. వెలగకపోతే దానికి ఎవరో ఏదో చేశారు.

అపోహ: తెల్ల పొగ వస్తే ఇంజన్ పోయినట్టే.

వాస్తవం: చలికాలపు ఉదయం కొద్ది నిమిషాలు వచ్చి ఆగిపోయేది నీటి ఆవిరి. బండి వేడెక్కినా దట్టంగా వస్తూ, కూలెంటు తగ్గుతూ ఉంటేనే భయపడాలి. నీలం పొగ అయితే ఇంజన్ ఆయిల్ తాగుతోంది.

అపోహ: మన ఎండలకు థర్మోస్టాట్ తీసేయడమే మంచిది.

వాస్తవం: ఈ పుకారు మా జిల్లాను ఎందుకు వదలదో నాకు అర్థం కాదు. థర్మోస్టాట్ అనేది వేడిని బట్టి కూలెంటును రేడియేటరుకు వదిలే వాల్వు; అది లేని ఇంజన్ సరైన వేడికి రావడానికి ఆలస్యమవుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. అమ్మకానికి వచ్చిన బండిలో అది లేదంటే, వేడెక్కే జబ్బును ఎవరో కప్పిపుచ్చారని అనుమానించాలి. రేడియేటరులో బోరు నీళ్ళు పోసిన బండ్లలో తెల్లటి ఉప్పు గట్టిగా పేరుకుని ఉంటుంది, అదీ చూడండి.

అపోహ: ఇంజన్ మార్చిన బండి అయితే నిశ్చింత.

వాస్తవం: మార్చిన ఇంజన్ నంబరు ఆర్‌సీలో నమోదై ఉంటేనే. బ్లాకు మీది నంబరును ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే పేరు మార్పిడిలోనూ ఇన్సూరెన్సు క్లెయిములోనూ చిక్కులు వస్తాయి. కర్ణాటక బండి అయితే అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టాలి. బెంగళూరు ధర చవకగా కనిపించినప్పుడు ఈ ఖర్చును కూడా కలుపుకోండి, ఎన్‌ఓసీ చేతికి రాకముందు పూర్తి సొమ్ము ఇవ్వకండి.