పాత స్పోర్ట్స్ కారు ఇంజను బేరింగులు: అపోహలు – వాస్తవాలు

బరంపురంలో ఇంజన్లు విప్పి బిగించే షెడ్డు నాది. అంతకుముందు తొమ్మిదేళ్లు షార్జాలో ఒక గ్యారేజీలో పనిచేశాను. అక్కడ నా చేతికి వచ్చినవి చాలావరకు పదిహేను, ఇరవై ఏళ్ల వయసున్న స్పోర్ట్స్ కార్లు. ఇప్పుడు భువనేశ్వర్ నుంచీ విశాఖ నుంచీ అలాంటి కార్లున్నవాళ్లు పదహారో నంబరు జాతీయ రహదారిపై వెళ్తూ మా ఊళ్లో ఆగుతుంటారు. కొనబోయేవాళ్లు ఫోను చేస్తుంటారు. అందరూ అడిగేది బేరింగు గురించే. భయపడాల్సిన చోట ధీమాగా, ధీమాగా ఉండదగిన చోట భయంగా ఉంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: తక్కువ తిరిగిన కారైతే బేరింగులు కొత్తవాటిలాగే ఉంటాయి.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఈ నమ్మకమే. పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే క్రాంకు షాఫ్టును మోసే బేరింగుల్లో గుండ్లు ఉండవు. అర్ధచంద్రాకారపు రేకులు రెండు కలిసి షాఫ్టును చుట్టుకుని ఉంటాయి. వాటినే షెల్స్ అంటాం. ఇంజను తిరిగేటప్పుడు షాఫ్టు ఆ రేకుకు తగలకుండా నూనె పొర మీద తేలుతుంది. బరువు ఎక్కువగా పడిన క్షణంలో ఆ పొర మందం ఒకటి రెండు మైక్రాన్లకు పడిపోతుంది. మన తల వెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు. ఇంజను ఆపితే షాఫ్టు మెల్లగా రేకు మీదికి దిగి కూర్చుంటుంది. మళ్లీ స్టార్టు చేసినప్పుడు, పంపు నూనె అందించేదాకా లోహం మీద లోహం రాసుకుంటుంది.

గోపాల్‌పూర్ దగ్గర ఒక పెద్దాయన కారును ముసుగు కప్పి షెడ్డులో ఉంచి, ప్రతి ఆదివారం ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపేసేవారు. "ఎంత జాగ్రత్తగా చూసుకున్నానో మీరే చూడండి మేస్త్రీ గారూ" అన్నారు. ఆయిల్ మూత తీస్తే అడుగున తెల్లటి మీగడ పేరుకుని ఉంది. ఇంజను అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ దించి షెల్స్ చూస్తే నల్లటి మచ్చలు, అక్కడక్కడ పై పూత తినేసిన గుంటలు. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఐదు నిమిషాల్లో ఇంజను ఆ నీటిని ఆవిరి చేసి బయటికి పంపేంత వేడెక్కదు. నీరు నూనెలోనే ఉండిపోయి ఆమ్లాలతో కలిసి షెల్ పూతను తింటుంది. దానికి మా తీరపు తేమ తోడు. ఆ పెద్దాయన ప్రేమతో చేసిన పనే ఇంజనుకు చేటయింది. కారు తీస్తే అరగంటకు తగ్గకుండా నడపండి, లేదంటే అసలు స్టార్టు చేయకండి. కిలోమీటర్లు ఎన్నయినా సరే, ఏడాదికోసారి ఆయిల్ మార్చండి.

అపోహ: పాత పోర్షే కొంటే ఆ బేరింగు ఎప్పుడో ఒకప్పుడు ఇంజనును మింగేస్తుంది.

ఇక్కడ ఏ కారు, ఏ ఏడాదిది అని అడగకుండా మాట్లాడటం తప్పు. ఈ పేరు మోసిన బేరింగు క్రాంకుది కాదు. 1996లో వచ్చిన బాక్‌స్టర్‌లోనూ, ఆ మరుసటి ఏడాది వచ్చిన 996 తరం 911లోనూ క్రాంకు కింద ఇంటర్మీడియట్ షాఫ్ట్ ఒకటి ఉంటుంది. వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టుల గొలుసులకు తిప్పుడు దాని నుంచే అందుతుంది. దాని ఒక కొసన, గేర్‌బాక్సు పక్కనుండే ఫ్లైవీల్ వైపు, సీలు వేసిన గుండ్ల బేరింగు ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ సీలు గట్టిపడుతుంది. ఇంజను ఆయిల్ లోపలికి దూరి అసలు గ్రీజును కడిగేస్తుంది. తర్వాత అదే ఆయిల్ అక్కడే పాతబడి చిక్కుకుపోతుంది. బేరింగు విరిగితే గొలుసు అదుపు తప్పుతుంది, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి.

తొలినాళ్ల కార్లలో గుండ్లు రెండు వరుసలు ఉండేవి. అవి గట్టివి. ఎక్కువగా ఇబ్బంది పెట్టింది 2000 ప్రాంతం నుంచి 2005 వరకు వాడిన ఒంటి వరుస బేరింగు. అమెరికాలో యజమానులు కోర్టుకు వెళ్లింది వీటి గురించే. 2006 నుంచి 2008 వరకు వచ్చిన వాటిలో బేరింగు పెద్దది, మన్నిక ఎక్కువ. కానీ మార్చాలంటే ఇంజను కేసును రెండుగా విడదీయాలి. 2009 మోడళ్ల కొత్త ఇంజనులో ఆ షాఫ్టే లేదు. 996 టర్బో, జీటీ3 ఇంజన్లు వేరే జాతివి, వాటికి ఈ జబ్బు లేదు. కాబట్టి ఒంటి వరుస కారు కొన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: క్లచ్ మార్చే రోజున బేరింగు కూడా మార్పించండి. గేర్‌బాక్సు ఎలాగూ దిగుతుంది, కూలి కలిసొస్తుంది.

ఈలోగా ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టరును విప్పి, మడతలు పరిచి, ఎండలో చూడండి. మెరిసే రజను కనిపిస్తే దానికి అయస్కాంతం చూపండి. అంటుకుంటే ఉక్కు: గుండ్ల బేరింగు, గొలుసు, క్యామ్ లాంటివాటిది. అంటుకోకపోతే రాగి, తగరం, అల్యూమినియం: అంటే షెల్స్ పూత. కొనేముందు యజమాని చెప్పే కిలోమీటర్ల కంటే నాకు ఈ ఫిల్టరు మీదే నమ్మకం.

అపోహ: ఆయిల్ ఎంత చిక్కగా ఉంటే బేరింగుకు అంత మంచిది.

పాత లారీకి పనికొచ్చిన చిట్కా ఇది. 8,000 చుట్లు తిరిగే బీఎండబ్ల్యూ ఎం3 ఇంజన్లకు ఆ కంపెనీయే 10డబ్ల్యూ-60 అనే చాలా చిక్కని ఆయిల్ పోయమంది కదా అంటారు. నిజమే. వాటిలో 2000ల తొలినాళ్ల ఆరు సిలిండర్ల కార్లు కొన్నిటికి పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగులను కంపెనీయే మార్చి ఇవ్వాల్సి వచ్చిందన్నదీ నిజమే. షాఫ్టుకూ షెల్‌కూ మధ్య సందు ఎంత, నూనె ఎంత చిక్కగా ఉండాలి అన్నవి కలిపి లెక్కగట్టాల్సినవి. మా లేత్ షాపుల్లో షాఫ్టు వ్యాసం అంగుళానికి ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు) సందు అంటారు. ఆ లెక్కన 52 మిల్లీమీటర్ల షాఫ్టుకు రెండు థౌలు, అంటే 0.05 మిల్లీమీటర్లు కావాలి. సందు అంతకన్నా బిగువైతే చల్లటి చిక్కని నూనె అందులోకి తొందరగా చేరదు. అందుకే వేడెక్కని ఇంజనును గట్టిగా తొక్కడం అంత ప్రమాదం. డాష్‌బోర్డులో ముల్లు మధ్యకు వచ్చిందంటే నీళ్లు వేడెక్కాయని మాత్రమే అర్థం. ఆయిల్ వేడెక్కడానికి ఇంకా చాలా నిమిషాలు పడుతుంది.

ఇంజను వేడెక్కాక ఎక్కువ చుట్లు తిప్పితే బేరింగు పోతుందన్న భయమూ అతిగానే ఉంది. తప్తపాణి ఘాటీలో నాలుగో గేరులోనే 1,500 చుట్లతో మూలుగుతూ ఎక్కించడం అంతకంటే చెరుపు. చుట్లు తక్కువైతే నూనె పొర పలచబడుతుంది. దాని మీదే బరువంతా పడుతుంది.

అపోహ: ఆయిల్ లైటు వెలగలేదంటే ప్రెషర్ బాగున్నట్టే.

ప్రెషర్ దాదాపు ఏమీ లేనంతగా పడిపోయాకే ఆ లైటు వెలుగుతుంది. మీటరు పెట్టించుకోండి.

అపోహ: శబ్దం మొదలైనా మెల్లగా ఇంటిదాకా నడపవచ్చు, తర్వాత క్రాంకును గ్రైండింగ్ చేయించి కొత్త షెల్స్ వేస్తే సరి.

లారీ క్రాంకును పది థౌలు, ఇరవై థౌలు అరగదీసి, దానికి తగ్గ షెల్స్ వేస్తాం. చాలా స్పోర్ట్స్ ఇంజన్ల క్రాంకుల పైపొరను నైట్రైడింగ్‌తో గట్టిపరుస్తారు. ఆ పొర చాలా పలచన. గ్రైండింగ్‌లో అది పోతే గట్టిదనమూ పోతుంది. పైగా తగ్గిన కొలతకు సరిపడే షెల్స్ చాలావాటికి దొరకవు. అంటే క్రాంకుకు గీత పడకముందే ఆపాలి.

కిందటి వర్షాకాలంలో ఇద్దరు ఫోను చేశారు. ఒకాయన ఇచ్ఛాపురం దగ్గర టకటక శబ్దం విని, ఎంతో దూరం లేదు కదా అని వచ్చేశారు. రాడ్ బ్లాకును పొడుచుకుని బయటికి వచ్చింది. ఇంకొకాయన ఘాటీ దిగుతూ అదే శబ్దం విని, పక్కకు తీసి, ఇంజను ఆపేసి, వానలో రెండు గంటలు ఎదురుచూసి కారును లాగించుకొచ్చారు. చాంబర్ దించితే మూడో రాడ్ షెల్‌లో రాగి బయటపడి ఉంది, క్రాంకు మీద మాత్రం గోరుకు తగిలే గీత ఒక్కటీ లేదు. క్రాంకు మీద షెల్ కూర్చునే భాగాన్ని, అంటే జర్నల్‌ను, పాలిష్ చేసి, కొలతలు తీసి, అసలు సైజు షెల్స్, కొత్త రాడ్ బోల్టులు వేసి పంపాను.