రెండో గడిలో మీరు

పిల్లలూ, ఆశీస్సులు.

పరీక్షల చివరి రోజు సాయంత్రం మీ హెడ్మిస్ట్రెస్ గారు మా ఇంటికి వచ్చి ఒక కార్డుల కట్ట ఇచ్చి వెళ్లారు. ఆమె ఒకప్పుడు నా దగ్గర లెక్కలు నేర్చుకున్న అమ్మాయే. ఇప్పుడు నాకే ఇంటిపని ఇచ్చే స్థాయికి ఎదిగింది. పదో తరగతి ముగించి వెళ్లిపోతున్న మీ ముప్పై ఎనిమిది మంది గురించి బడి వార్షిక సంచికలో వేయడానికి మీచేత రాయించిన కార్డులవి. ఒక్కో కార్డు మీద ఒక ఫొటో, కింద మూడు గడులు: నా స్వభావం, నా వ్యాపకాలు, నా భవిష్యత్తు. "చదివి నాలుగు వాక్యాలు దీవిస్తూ రాయండి సార్" అన్నది. ఏ విషయమైనా నాలుగు వాక్యాల్లో ముగించడం నాకు సర్వీసులో ఉన్నప్పుడే చేతకాలేదు, ఇప్పుడెలా వస్తుంది?

ఫలితాలు రాకముందే రాస్తున్నాను, అదీ కావాలనే. మార్కులు వచ్చాక ఈ కార్డులు ఎవరూ చదవరు. మీరు కూడా చదవరు.

మీ పేర్లు రాయను. రాస్తే "వాడి గురించి రాశారు, నా గురించి రాయలేదు" అని నా గేటు ముందు పంచాయితీ పెడతారు. ఎవరి సంగతి వారికి తెలిసిపోతుందిలెండి.

మొదటి గడి చదివి నవ్వుకున్నాను. ముప్పై ఎనిమిది మందీ మంచివారే. అందరితో కలిసిపోతారు, కోపం తక్కువ, పెద్దలంటే గౌరవం. మరి జనవరిలో తొమ్మిదో తరగతి గది కిటికీ అద్దం ఎవరు పగలగొట్టినట్టు? తిరుపతి గంగమ్మ జాతర మీలో చాలామంది చూసే ఉంటారు. ఒకే పిల్లవాడు ఒకరోజు బైరాగి వేషం, మరోరోజు బండ వేషం, ఇంకోరోజు దొర వేషం కడతాడు. బండ వేషం కట్టిన రోజు ఎదురొచ్చిన వాళ్లందరినీ తిడతాడు, ఎవరూ ఏమీ అనుకోరు. వీటిలో అసలు వీడెవడని అడిగే అమాయకుడు తిరుపతిలో ఉండడు. పదిహేనేళ్ల వయసు కూడా అంతే. మీరు మొదటి గడిలో రాసింది దొర వేషం, ఫొటో కోసం కట్టినది. ఒక అమ్మాయి మాత్రం "నేను ఎలాంటిదాన్నో నాకు ఇంకా తెలియదు" అని రాసి, పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టింది. ఆ కార్డు మీద ఎర్ర సిరాతో టిక్కు పెట్టాను, అలవాటు కొద్దీ.

మూడో గడిలో ఇరవై ఒక్క మంది సాఫ్ట్‌వేర్, ఏడుగురు డాక్టర్, కొందరు పోలీసు. ఇద్దరు "నాన్న చెప్పినట్టు" అని రాశారు. వాళ్ల నిజాయితీ నాకు నచ్చింది, వాళ్ల నాన్నలకు నచ్చకపోవచ్చు.

నన్ను కూర్చోబెట్టింది రెండో గడి. అక్కడ సగం మంది "ఏమీ లేవు" అని రాశారు. ఆ "ఏమీ లేవు" అన్నవాళ్లలో ఒకడిని నేను రోజూ చూస్తాను. తెల్లవారి ఆరింటికి సైకిలుకు రెండు క్యాన్లు కట్టుకుని పాల కేంద్రానికి పోతుంటాడు. మొన్న ఆపి, "చీటీలో ఫ్యాట్ ఎంత వచ్చిందిరా?" అని అడిగాను. చెప్పాడు. నిన్నటికంటే ఎందుకు తగ్గిందని అడిగితే పావుగంట పాఠం చెప్పాడు నాకు. పచ్చిమేత మరీ ఎక్కువైతే ఫ్యాట్ పడిపోతుందట, ఎండుగడ్డి కలిపి వేయాలట. పాలు పితికేటప్పుడు చివరి ధారల్లోనే వెన్న ఎక్కువట. వాళ్ల అవ్వకు దూడ మీద ప్రేమ ఎక్కువై ఆ చివరి పాలు దానికే వదిలేస్తుందట, "అందుకే మాకు రేటు తక్కువ సార్, కానీ దూడ బాగుంది" అన్నాడు. నీళ్లు కలిసిన పాలలో, పాల చిక్కదనం కొలిచే లాక్టోమీటరు ఎందుకు ఎక్కువ మునుగుతుందో భౌతికశాస్త్రం పరీక్షలో అడిగితే వీడు రాసేవాడో లేదో చెప్పలేను. నోటితో మాత్రం తప్పు లేకుండా చెప్పాడు. అలాంటివాడు రెండో గడిలో "ఏమీ లేవు" అని రాసి, మూడో గడిలో "సాఫ్ట్‌వేర్" అని రాశాడు.

నాయనా, తిరుపతిలోనే 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. దాని కింద తిరుపతిలోనే డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉంది. ఇంటర్‌లో ఎం.పి.సి. చదివి అక్కడ బి.టెక్. చేయవచ్చు. అన్నేళ్ల చదువు వద్దనుకుంటే, పదో తరగతి తర్వాతే చేరగలిగే రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉంది. నువ్వు సాఫ్ట్‌వేర్‌కు పోతానంటే పో, నేను అడ్డుపడను. కానీ ఈ రెండు దారులూ ఉన్నాయని తెలిసి పో.

ఇంకొక అమ్మాయి. మొదటి గడిలో "లెక్కలంటే భయం" అని రాసింది. నలభై ఏళ్లు లెక్కలు చెప్పినవాడిని, ఆ వాక్యం ఎక్కడ కనబడినా గుచ్చుకుంటుంది. రెండో గడిలో "అమ్మకు చీటీల పుస్తకం రాసిపెడతాను" అంది. పిలిపించి ఆ పుస్తకం చూశాను. ఇరవై మంది, నెలకు వెయ్యి. ఒకావిడకు అవసరం పడి నాలుగు వేలు తగ్గించి పాడుకుంది. పదహారు వేలు ఆమెకు పోతాయి, మిగిలిన నాలుగు వేలు ఇరవై మందికీ తలా రెండు వందలు. కాబట్టి ఆ నెల ఒక్కొక్కరు కట్టాల్సింది ఎనిమిది వందలే. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. ఈ అమ్మాయి ఇంకో వరుస గీసింది: మొదట్లోనే పాడుకున్నవాళ్లకు మొత్తం మీద ఎంత వడ్డీ పడినట్టు, చివరిదాకా ఆగినవాళ్లకు ఎంత లాభం వచ్చినట్టు. ఎవరూ చెప్పకుండానే. "ఇది లెక్క కాదా అమ్మా?" అన్నాను. "ఇది చీటీ సార్" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. మేము నేర్పిన లెక్కలు ఏవో వేరే లోకంలోవి అని ఆ పిల్లకు అనిపించేలా నేర్పాం కదా! అమ్మా, ఇంటర్‌లో ఎం.ఇ.సి., సి.ఇ.సి. అనే కామర్స్, ఎకనామిక్స్ గ్రూపులున్నాయి. మార్కులు తక్కువ వచ్చినవాళ్లు చేరేవి అని ఊళ్లో చెప్పుకుంటారు, నమ్మకు. ఇంటర్ కాగానే చార్టర్డ్ అకౌంటెంట్ చదువుకు మొదటి మెట్టయిన సి.ఏ. ఫౌండేషన్ పరీక్ష రాయవచ్చు. కష్టమైన చదువే, మొదటిసారే గట్టెక్కేవారు తక్కువ. కానీ ఆ రెండో వరుస గీసిన చెయ్యి అందులో కుదురుకుంటుందని నా నమ్మకం.

కార్డు అంచుల నిండా తీగలు, నెమళ్లు గీసి, రెండో గడిలో "బొమ్మలు, ఊరికే కాలక్షేపానికి" అని రాసినవాడా, నిన్ను ఒకసారి శ్రీకాళహస్తికి పోయిరమ్మంటున్నాను. గుడికి పోతే పో, ఆ తర్వాత కలంకారీ వేసేవాళ్ల ఇళ్ల దగ్గర కాసేపు నిలబడు. బట్టను ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు, సిరా పాకకుండా. నల్ల రంగు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలు బెల్లంతో కలిపి రోజుల తరబడి నానబెడతారు. పటిక పూసినచోట ఎరుపు పడుతుంది. నీ రసాయనశాస్త్రం పుస్తకంలో ఉన్నదంతా ఆ కుండల్లో ఉంది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం వారి సాంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థ ఉంది. పదో తరగతి ప్యాసైనవారికి నాలుగేళ్ల డిప్లొమా ఇస్తారు: రాతి శిల్పం, లోహ శిల్పం, కొయ్య శిల్పం, చిత్రలేఖనం, ఇలా. కలంకారీ కూడా నేర్పుతారు. మీ ఇంట్లో ఒప్పుకుంటారా అనేది వేరే సంగతి. కావాలంటే నేను వచ్చి మాట్లాడతాను, మీ నాన్న కూడా నా శిష్యుడే.

వాలీబాల్ వాళ్లు, కోలాటం వాళ్లు, ఫోను చూడటమే వ్యాపకమని ధైర్యంగా రాసినవాళ్లు, మీ గురించి ఇంకో ఉత్తరం రాస్తాను.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఎప్పుడో చాలా ఏళ్ల కిందట నా తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. బడిలో ఏ ఫ్యాను తిరగకపోయినా వాడే ఎక్కి బాగుచేసేవాడు. "ఈ స్క్రూడ్రైవరు నీకు అన్నం పెడుతుందా? ఎం.పి.సి.లో చేరు" అని గద్దించి చేర్పించింది నేనే. ఇంటర్ రెండుసార్లు తప్పాడు. తర్వాత మానేశాడు. ఇప్పుడు వాడికి మోటార్ల రివైండింగ్ దుకాణం ఉంది. మన వైపు బోర్లు ఎంత లోతుకు పోతున్నాయో మీకు తెలుసు, వేసవి వచ్చిందంటే కాలిపోయిన మోటార్లు వాడి గుమ్మం ముందు వరుసలో ఉంటాయి. పోయిన ఏడాది మా మోటారు తీసుకుపోయినప్పుడు, రాగి తీగ చుట్లు లెక్కపెడుతూ తల ఎత్తకుండానే అన్నాడు: "అప్పుడు పాలిటెక్నిక్ అనేది ఒకటుందని ఎవరూ చెప్పలేదు సార్."

కోపంగా అనలేదు. చుట్ల లెక్క తప్పకుండా అన్నాడు. నేను చెప్పలేదు, ఎందుకంటే నాకు సరిగా తెలియదు. తెలుసుకునే ప్రయత్నం కూడా చేయలేదు. అందుకే ఇప్పుడు తెలుసుకుని చెబుతున్నాను. పదో తరగతి కాగానే పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా. తిరుపతిలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, అమ్మాయిలకు పద్మావతి మహిళా పాలిటెక్నిక్ ఉంది. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే నేరుగా బి.టెక్. రెండో సంవత్సరంలో చేరవచ్చు. అంటే ఇంజనీరు కావాలనుకునేవాళ్లకు కూడా ఆ తలుపు మూసుకుపోదు. పదో తరగతి మార్కులతోనే ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల చదువుకు చేరవచ్చు, మనకు దగ్గరది కడప జిల్లా ఇడుపులపాయ. చేత్తో పని వేగంగా నేర్చుకోవాలంటే ఐ.టి.ఐ. ఉంది. ఇవన్నీ ఇంటర్‌లో సీటు రానివాళ్ల కోసం పెట్టినవి అని మీకు ఎవరైనా చెబితే, వాళ్లు నా పాత తప్పే చేస్తున్నారని అర్థం.

నిరుడు మిమ్మల్ని గాదంకి రాడారు కేంద్రానికి తీసుకుపోయారు కదా, తిరుపతి–చిత్తూరు రోడ్డు పక్కన. నాలుగెకరాలకు పైగా పరచిన ఆ 1,024 యాంటెన్నాల ముందు అందరూ ఫొటోలు దిగారని విన్నాను. పైకి పంపిన రేడియో తరంగం వెనక్కి వచ్చే తీరును బట్టి ఆకాశంలో గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో ఆ రాడారు చెబుతుంది. మీలో ఒకడు అక్కడి సారును, "ఒకటి పాడైతే ఎవరు ఎక్కి బాగుచేస్తారు?" అని అడిగాడట. అందరూ నవ్వారట. నవ్వకండి. అలాంటి చోట్ల శాస్త్రవేత్త ఎంత అవసరమో, యాంటెన్నా బిగించే సాంకేతిక నిపుణుడూ అంతే అవసరం. శాస్త్రవేత్తే కావాలనుకుంటే ఏర్పేడు దగ్గర విజ్ఞానశాస్త్రాల చదువుకు, పరిశోధనకు ఐసర్ ఉంది, ఐ.ఐ.టి. ఉంది, రెండూ 2015లో మొదలైనవే. నా చిన్నప్పుడు ఇవేవీ లేవు.

మూడో గడి ఖాళీగా వదిలిన ఒకే ఒక్క అబ్బాయికి ఒక సంగతి. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టింది తిరుత్తణిలో. తర్వాత కాలంలో ఆ ఊరు చిత్తూరు జిల్లాలో చాలా ఏళ్లుండి, 1960లో మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. (మన ఊరూ అంతే కదా, 2022 ఏప్రిల్‌లో చిత్తూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. నా చెయ్యి ఇప్పటికీ దరఖాస్తుల మీద చిత్తూరు అనే రాస్తుంది.) ఆయన 1896 నుంచి 1900 దాకా తిరుపతిలోని లూథరన్ మిషన్ బడిలో చదువుకున్నారు. తత్వశాస్త్రం ఎందుకు తీసుకున్నారంటే, ఆయన చేరిన మద్రాసు క్రైస్తవ కాలేజీలోనే చదువు ముగించిన బంధువు ఒకరు తన పాత తత్వశాస్త్రం పుస్తకాలు ఇచ్చారు, కొత్తవి కొనే స్తోమత లేదు. అంతే. ఆ పుస్తకాలే ఆయన్ను ఆక్స్‌ఫర్డ్ దాకా తీసుకుపోయాయి. 1962లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన పదిహేనేళ్ల వయసులో ఇలాంటి కార్డు నింపి ఉంటే మూడో గడిలో ఏం రాసేవారో! కాబట్టి నీ ఖాళీ గడిని చూసి నేనేమీ కంగారుపడటం లేదు. మీ హెడ్మిస్ట్రెస్ గారు కంగారుపడుతున్నారు, ఆమెకు నచ్చజెబుతాను.

కార్డులు తిరిగి పంపుతున్నాను. సంచిక అచ్చుకు పోవడానికి ఇంకా పది రోజులుంది. "ఏమీ లేవు" అని రాసినచోట పెన్సిలుతో గీత కొట్టాను. ఆ గడి మళ్లీ నింపి ఇవ్వండి. పొద్దున లేచినప్పటి నుంచి ఎవరూ చెప్పకుండా మీరు చేసే పనులు రాయండి చాలు. చెల్లెలికి జడ వేయడం దగ్గర నుంచి బోరు మోటారు వేయడానికి కరెంటు ఎప్పుడు వస్తుందో చూసుకోవడం దాకా, ఏదైనా సరే. అక్షరదోషాలు నేను చూసుకుంటాను.

పాలవాడా, ఆదివారం ఆరింటికి నేనూ కేంద్రానికి వస్తాను. ఆ లాక్టోమీటరు ఎలా చదవాలో నాకు ఇంకోసారి చూపించు. మొన్న నువ్వు చెప్పినప్పుడు అర్థమైనట్టు తల ఊపాను గానీ, నిజానికి కళ్లజోడు తెచ్చుకోలేదు.

ఇట్లు,
మీ పాత లెక్కల అయ్యవారు