ఉత్తరం నుంచి వీడియో కాల్ దాకా: మార్మన్ మిషనరీకీ ఇంటికీ మధ్య దూరం

పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల కుర్రాడు. తెల్ల చొక్కా, టై, జేబు దగ్గర నల్లటి నేమ్ ట్యాగ్. దాని మీద ‘ఎల్డర్’ అన్న మాట (మగ మిషనరీలను పిలిచే బిరుదు), పక్కన ఇంటిపేరు. రెండేళ్ల పాటు అందరూ అతన్ని ఆ ట్యాగ్ మీద ఉన్నట్టే పిలుస్తారు. సొంత పేరు పెట్టి పిలిచేది ఇంట్లోవాళ్లే. వారమంతా వీధులు తిరిగి, తలుపులు తట్టి, వారంలో ఒక్కరోజు మాత్రం బట్టలు ఉతుక్కుంటాడు, సరుకులు తెచ్చుకుంటాడు, జుట్టు కత్తిరించుకుంటాడు. ఆ రోజును ‘ప్రిపరేషన్ డే’ అంటారు, కుర్రాళ్ల నోట్లో అది ‘పీ-డే’. ఇంటికి ఫోన్ చేసేది కూడా ఆ రోజే. ఓ పక్క వాషింగ్ మెషీన్ తిరుగుతుంటే, ఫోన్‌లో అమ్మ ముఖం కనిపిస్తుంది.

ఇప్పుడు చూస్తే ఇందులో వింతేమీ లేదు. కానీ వారం వారం ఇలా మాట్లాడుకోవచ్చని చర్చి చెప్పింది 2019 ఫిబ్రవరి 15న. అప్పటిదాకా ఏడాదికి రెండే కాల్స్: క్రిస్మస్‌కు ఒకటి, మదర్స్ డేకు ఒకటి. మిగతా కాలమంతా వారానికో ఈమెయిల్, అంతకుముందు తరానికి వారానికో ఉత్తరం. ప్రపంచమంతా జేబులో ఫోన్ పెట్టుకుని తిరుగుతున్న రోజుల్లో కూడా ఈ పిల్లలు అమ్మ గొంతు వినడానికి నెలల తరబడి ఎందుకు ఆగారు? ఈ ప్రశ్నకు జవాబు కోసం దాదాపు రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ముందు పేరు సంగతి. లోకమంతా మార్మన్లు అంటున్నా, వాళ్ల సంఘం అసలు పేరు ‘ద చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్-డే సెయింట్స్’. మార్మన్ అన్న మాట పక్కన పెట్టి పూర్తి పేరే వాడమని 2018లో అప్పటి అధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ గట్టిగా కోరారు. తెలుగులో వాళ్లు ‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’ అని రాసుకుంటారు. చదివేవాళ్లకు తేలిగ్గా తెలియాలని మాత్రమే ఇక్కడ పాత పేరు వాడుతున్నాను.

జోసెఫ్ స్మిత్ 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో ఈ చర్చిని స్థాపించాడు. మూడు నెలలు తిరక్కుండానే అతని తమ్ముడు శామ్యూల్ సంచీలో వాళ్ల పవిత్ర గ్రంథం బుక్ ఆఫ్ మార్మన్ ప్రతులు వేసుకుని బయల్దేరాడు. మొదటిరోజు పాతిక మైళ్లు నడిచాడు. ఒక్క ప్రతీ అమ్ముడుపోలేదు. రాత్రికి చోటు అడిగిన సత్రం యజమాని కూడా పొమ్మన్నాడు. ఆ రాత్రి ఒక ఆపిల్ చెట్టు కింద పడుకున్నాడని వాళ్ల చరిత్ర చెబుతుంది. మూసిన తలుపులు, నడిచి నడిచి అరిగిన కాళ్లు, నిరాశగా ముగిసిన సాయంత్రం: ఈనాటి మిషనరీ ఇంటికి చెప్పే కబుర్లలో సగం ఆ మొదటిరోజే మొదలయ్యాయి.

తొలి తరం మిషనరీలు మాత్రం ఇప్పటిలా పెళ్లికాని కుర్రాళ్లు కారు. ఎక్కువమంది భార్యాపిల్లలున్నవాళ్లు. సువార్తలో శిష్యులకు చెప్పినట్టు సంచీ, జాలె లేకుండా వెళ్లాలన్నది నియమం. అంటే చేతిలో డబ్బు లేకుండా, దారిలో ఎవరు పెడితే అది తిని, ఎవరు చోటిస్తే అక్కడ పడుకోవడం. చర్చి తొలి నాయకుల్లో ఒకడైన హెబర్ సి. కింబల్ 1837లో ఇంగ్లండ్ వెళ్లి ప్రెస్టన్ పట్టణంలో ప్రచారం మొదలుపెట్టాడు. 1839లో మళ్లీ పిలుపు వచ్చింది. ఈసారి, తర్వాతి రోజుల్లో చర్చి అధ్యక్షుడైన బ్రిగమ్ యంగ్ కూడా ఉన్నాడు. ఆ సెప్టెంబరు దృశ్యం గురించి చదివినప్పుడల్లా నాకు మనసు అదోలా అయిపోతుంది. మిసిసిపీ నది ఒడ్డున చిత్తడి నేల, ఇంటింటా చలిజ్వరం. యంగ్ భార్య మేరీ ఆన్‌కు బిడ్డ పుట్టి పది రోజులే అయింది. కింబల్ భార్య వైలేట్ మంచం మీద వణుకుతోంది. మొగుళ్లిద్దరికీ నిలబడే ఓపిక లేదు. బండి కొంచెం దూరం వెళ్లాక కింబల్ మనసు ఆగలేదు. బండి ఆపించి, ఇద్దరూ పట్టుకుని లేచి నిలబడి, టోపీలు ఊపుతూ ‘హుర్రా, హుర్రా, హుర్రా ఫర్ ఇజ్రాయెల్’ అని కేకలు వేశారు (ఇజ్రాయెల్ అంటే వాళ్ల మాటలో దేవుని ప్రజలు). లోపల మంచాన ఉన్న వైలేట్ ఆ కేకలు విని గుమ్మం దాకా వచ్చి నవ్వింది.

మిషనరీ ఇంటికి పంపిన మొదటి కబురు అదేనని నాకనిపిస్తుంది. లోపల ఏం జరుగుతున్నా, పైకి ‘మేం బాగున్నాం’ అని వినిపించాలి. ఇంట్లోవాళ్లు భయపడకూడదు. తర్వాతి తరాల ఉత్తరాల్లోనూ ఈమెయిళ్లలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది.

ఉత్తరం చేరడానికి పట్టే కాలం ఇంకో బాధ. అదే విడతలో ఇంగ్లండ్ వెళ్లిన విల్ఫర్డ్ వుడ్రఫ్‌కు అమెరికాలో చిన్నకూతురు ఉంది, సారా ఎమ్మా. 1840 జులైలో ఆ పాప చనిపోయింది. ఆ సంగతి నాన్నకు తెలిసేసరికి నెలలు గడిచిపోయాయి. భార్య ఫీబీ రాసిన ఉత్తరం సముద్రం దాటి వచ్చేదాకా కూతురు బతికే ఉందనుకుంటూ ఊరూరా తిరిగాడాయన. రోజూ డైరీ రాసే అలవాటున్న మనిషి, తర్వాతి కాలంలో చర్చి అధ్యక్షుడు కూడా అయ్యాడు. సంతానం పోయిన కబురు కోసం అన్ని నెలలు ఆగాల్సి రావడం అప్పటి మిషనరీ కుటుంబాలకు ఎదురుకాగల మామూలు కష్టమే.

ఈ చరిత్ర మన వైపుకూ వచ్చింది. 1853లో మార్మన్ మిషనరీల బృందం ఒకటి కలకత్తాలో దిగింది. అందులో ఉన్న రిచర్డ్ బాలంటైన్, అప్పటికి చర్చి కేంద్రమైన సాల్ట్ లేక్‌లో (అమెరికాలోని యూటా) ఆదివారపు బడి మొదలుపెట్టిన మనిషి. ఆయన మద్రాసు చేరి అక్కడ ఒక చిన్న పత్రిక కూడా నడిపాడు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో మన తెలుగు జిల్లాలు కూడా ఉన్నాయి. ఎండ, జబ్బులు, పట్టించుకోని ఆంగ్లేయ సమాజం. ఏడాది గడిచాక తిరుగుముఖం పట్టాడు. యూటాలో ఉన్న ఇంటికీ మద్రాసుకూ మధ్య ఉత్తరం ఎలా నడిచిందో ఊహించుకోవచ్చు. చాలాకాలం తర్వాత, 1978 చివర్లో, సమోవాలో ఉంటున్న ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులను చర్చి హైదరాబాద్‌కు పంపింది. వాళ్లు మొదట వెళ్లింది సొంత బంధువుల ఇళ్లకే. ఆ కుటుంబంలోనే ఇరవైమందికి పైగా బాప్తిస్మం తీసుకున్నారు. బుక్ ఆఫ్ మార్మన్ ఎంపిక భాగాలు 1982లో తెలుగులో వచ్చాయి. మన దేశంలో చర్చి తొలి ‘స్టేక్’, అంటే కొన్ని సంఘాల సమూహం, 2012లో ఏర్పడిందీ హైదరాబాద్‌లోనే.

ఆడపిల్లలకు దారి తెరుచుకున్నది 1898లో. ఐనెజ్ నైట్, జెన్నీ బ్రిమ్‌హాల్ అనే ఇద్దరు స్నేహితురాళ్లు యూటా నుంచి ఇంగ్లండ్ వెళ్లారు. పెళ్లికాని అమ్మాయిలను అధికారికంగా మిషనరీలుగా పంపడం అదే మొదలు. అప్పట్లో ఇంగ్లండ్‌లో, మార్మన్లు ఆడవాళ్లను బంధించి ఉంచుతారన్న ప్రచారం జోరుగా ఉండేది. చదువుకున్న అమ్మాయి వీధి సభలో నిలబడి తన జీవితం గురించి తనే చెప్పుకుంటుంటే, జనం ఆగి విన్నారు. ఇప్పుడు అమ్మాయిలకు పద్దెనిమిది నెలలు, అబ్బాయిలకు రెండేళ్లు. 2012 అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు థామస్ ఎస్. మాన్సన్ కనీస వయసును అబ్బాయిలకు 19 నుంచి 18కి, అమ్మాయిలకు 21 నుంచి 19కి తగ్గించారు. ఆ తర్వాత దరఖాస్తులు వెల్లువలా వచ్చాయి. 2024 చివరికి పూర్తికాలపు మిషనరీలు ప్రపంచవ్యాప్తంగా 74 వేలు దాటారు.

వయసు తగ్గిందంటే అర్థమేమిటి? హైస్కూలు అయిపోయిన వెంటనే, ఒక్కసారి కూడా ఇల్లు వదిలి ఉండని పిల్లలు నేరుగా వేరే దేశానికి వెళ్తున్నారన్నమాట. ఫోన్ నియమం మారడానికి దారితీసిన పరిస్థితుల్లో ఇదొకటని నేను నమ్ముతాను.

ఈ పిల్లల రోజు ఎలా సాగుతుందో చూస్తే ఆ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. పొద్దున్నే ఆరున్నరకు లేవాలి. అరగంట వ్యాయామం, స్నానం, టిఫిన్. ఎనిమిదికి లేఖనాల చదువు, తొమ్మిదికి సహచరుడితో కలిసి చదువు. పదికల్లా వీధిలో ఉండాలి. రాత్రి తొమ్మిదికి గదికి రావాలి, పదిన్నరకు లైట్ ఆర్పాలి. ఇది దశాబ్దాల పాటు నడిచిన టైమ్‌టేబుల్. 2017లో గానీ ఇందులో కాస్త వెసులుబాటు ఇవ్వలేదు. ఒంటరిగా ఎక్కడికీ వెళ్లకూడదు. ‘కంపానియన్’ అనే సహచరుడు ఎప్పుడూ పక్కనే ఉండాలి, ఒకరి మాట ఒకరికి వినిపించేంత దగ్గర్లో. ఆ సహచరుణ్ని మనం ఎంచుకోం. నచ్చినా నచ్చకపోయినా ఒకే గది, ఒకే వంట. మామూలుగా ఆరు వారాలకోసారి ‘ట్రాన్స్‌ఫర్’ల కబురు వస్తుంది. ఊరు మారవచ్చు, మనిషి మారవచ్చు. ఇప్పుడిప్పుడే దోస్తీ కుదిరినవాడు పెట్టె సర్దుకుని వెళ్లిపోతాడు.

ఖర్చు కూడా సొంతదే. జీతం ఉండదు. మిషనరీ గానీ వాళ్ల కుటుంబం గానీ నెలనెలా చర్చికి డబ్బు కట్టాలి. 1991కి ముందు ఎక్కడికి పంపితే అక్కడి ఖర్చు. ఖరీదైన దేశం వచ్చినవాళ్ల తల్లిదండ్రులకు భారం. 1991 నుంచి అమెరికా, కెనడా కుటుంబాలకు అందరికీ ఒకే మొత్తం పెట్టారు, నెలకు 350 డాలర్లు. తర్వాత 400 అయింది. 2020 జులై నుంచి 500. చిన్నప్పటి నుంచే పిల్లలు ‘మిషన్ డబ్బు’ అని డబ్బాలో వేసుకునే ఇళ్లు ఉన్నాయి. అంత దాచి, అంత కష్టపడి పంపాక, నా వల్ల కావట్లేదని ఇంటికి రాయడానికి చెయ్యి ఎలా వస్తుంది?

ఇంటితో తక్కువ మాట్లాడాలన్న పాత నియమం వెనక క్రూరత్వమేమీ లేదు. ఇంటి మీద బెంగ రోజూ రాజుకుంటే పని మీద మనసు నిలవదని పెద్దలు అనుకున్నారు. సువార్త పనికి తనను పూర్తిగా ఇచ్చుకోవాలని, పాత జీవితం గుమ్మం బయటే వదిలేయాలని వాళ్ల నమ్మకం. ఉత్తరాల కాలంలో ఆ దూరం తప్పనిసరి. తపాలా వ్యవస్థకు అంతకంటే వేగం లేదు. దగ్గరయ్యే వీలు వచ్చిన తర్వాత కూడా ఆ దూరం అలాగే నియమంగా మిగిలిపోయింది. నా దృష్టిలో పొరపాటు జరిగింది అక్కడే.

ఎందుకంటే దిగులు, భయం, నిద్ర పట్టకపోవడం వారానికో ఈమెయిల్‌లో కనపడవు. ఆ ఈమెయిల్ చాలా ఇళ్లలో నాన్నమ్మకు, చుట్టాలకు, చర్చిలో తెలిసినవాళ్లకు అందరికీ ఫార్వర్డ్ అవుతుంది. పదిమంది చదివే ఉత్తరంలో ఎవరూ ఏడుపు రాయరు. ఫొటో పెడతారు, ఎవరికి బాప్తిస్మం ఇచ్చారో రాస్తారు, కొత్తగా తిన్న వంట గురించి రాస్తారు. గొంతు విన్నప్పుడు మాత్రం అమ్మకు తెలిసిపోతుంది. ‘బాగున్నాను’ అనే ముందు అర సెకను ఆగితే చాలు.

చర్చికి కూడా ఈ సంగతి నెమ్మదిగా తెలిసొచ్చింది. 2013లో మిషనరీల ఒత్తిడి గురించే ఒక చిన్న పుస్తకం వేశారు. టెన్షన్ స్థాయిని ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో గుర్తుపట్టడం, ఏ రంగులో ఉంటే ఏం చేయాలో అందులో ఉంటుంది. మధ్యలో తిరిగి వచ్చేసిన పిల్లల గురించి, వాళ్లు మోసే సిగ్గు గురించి యూటాలో బహిరంగంగా మాట్లాడుకోవడమూ ఈ కాలంలోనే పెరిగింది. రెండేళ్లు పూర్తిచేసి వచ్చినవాడికి ఎయిర్‌పోర్టులో బెలూన్లు, బ్యానర్లు. ఆరు నెలలకే వచ్చినవాడు తలదించుకుని వెనక సీట్లో కూర్చుని ఇంటికి వెళ్తాడు. అతనికి వచ్చింది జబ్బు. తప్పు చేసి రాలేదు.

2018 డిసెంబరులో అమ్మాయిలు ప్యాంటు వేసుకోవచ్చన్నారు. రెండు నెలలకు ఫోన్ నియమం మారింది: పీ-డే నాడు ఫోన్, మెసేజ్, వీడియో కాల్, ఏదైనా సరే, ఎంతసేపు మాట్లాడాలన్నది మిషనరీ విజ్ఞతకే వదిలేశారు. కుటుంబాలు ఈ పనిలో మరింత పాలుపంచుకోవాలన్నది చర్చి చెప్పిన కారణం. ఏడాది తిరిగేసరికి కోవిడ్ వచ్చింది. 2020 మార్చిలో వేలమంది పిల్లలు హఠాత్తుగా ఇళ్లకు వచ్చేశారు. ఫిలిప్పీన్స్ నుంచి విమానాల్లో వచ్చినవాళ్లను చూసుకోవడానికి సాల్ట్ లేక్ ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో కుటుంబాలు కిక్కిరిశాయి. దూరం పాటించమని చెప్పినా ఆ తల్లుల చేతులు ఆగలేదు. యూటాలోని ప్రోవో పట్టణంలో ఉన్న మిషనరీల శిక్షణ కేంద్రం కూడా వీడియో పాఠాలకు మారింది. ఒకప్పుడు ఫోన్ అంటే పక్కదారి పట్టించే వస్తువు, కోవిడ్ రోజుల్లో బోధించడానికి వాడే మొదటి పనిముట్టు అదే అయింది.

ఉత్తరం పోవడం వల్ల నష్టం లేదని అనను. వుడ్రఫ్ డైరీలు లేకపోతే, ఫీబీ రాసిన ఉత్తరాలు లేకపోతే, ఆ కాలం గురించి మనకు ఇంత తెలిసేది కాదు. వీడియో కాల్ అయిపోయాక ఏమీ మిగలదు. అయినా కూతురు పోయిన సంగతి నెలల తర్వాత తెలుసుకున్న మనిషిని అడిగితే ఏది కోరుకుంటాడో నాకు అనుమానం లేదు.

ఒక చిక్కు మాత్రం ఇంకా అలాగే ఉంది. కాల్ చేసేటప్పుడు కూడా సహచరుడు అదే గదిలో ఉంటాడు, మాట వినిపించేంత దగ్గర్లో. అతనితో పడట్లేదని చెప్పాలంటే ఎలా? చాలామంది ఆ మాట మింగేసి వాతావరణం గురించి చెబుతారు. కొంతమంది అమ్మలు అవుననో కాదనో జవాబు వచ్చేలా ప్రశ్నలు వేసి విషయం రాబడతారు. గదిలో ఆ చివర సహచరుడు గోడ వైపు తిరిగి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, వాళ్ల అమ్మతో అచ్చం అలాగే మాట్లాడుతుంటాడు. ఇద్దరి మధ్యా కుర్చీల మీద ఉతికిన తెల్ల చొక్కాలు ఆరుతుంటాయి.