కొండల్లేని కోనసీమలో నడక యాత్ర: అపోహలు – వాస్తవాలు

అమలాపురం చుట్టుపక్కల నడక యాత్రలు నడిపించడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. కొత్తగా ఫోను చేసేవాళ్ల మొదటి ప్రశ్న మాత్రం మారలేదు: "ఏ కొండ ఎక్కిస్తారండీ?" గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల నడుమ ఉన్న ఈ ఒండ్రు నేలలో ఎక్కడానికి ఏటిగట్టు తప్ప మరేమీ లేదు. అయినా నాలుగు రోజులు నడిచినా తరగనంత దారి ఉంది. ఆ దారి ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూసుకుంటుందో నీళ్లు చెబుతాయి: కాలువ నీళ్లు, వరద నీళ్లు, సముద్రపు పోటు. కొత్తవాళ్లు పడే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఆ మాట వినకపోవడం వల్లనే.

అపోహ: కొండ లేకపోతే అది నడక యాత్రే కాదు.

వాస్తవం: 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడి కాలువలు పొలాలకు నీళ్లివ్వడమే కాదు, పడవలనూ నడిపాయి. మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. మనం నడిచే గట్టు బాట అలాంటి పాదాల కింద గట్టిపడినదే. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి కాలినడకన వెళ్లే యాత్రికుల దారి కూడా ఇదే సీమలో ఉంది. వేళ కాని వేళ వచ్చిన బాటసారులకు కూడా వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారిది (1841–1909) లంకల గన్నవరం. ఆమె స్వయంగా అంతర్వేదికి బయలుదేరి, ఆకలితో తన ఇంటికే వస్తున్న యాత్రికుల మాటలు దారిలో విని, దర్శనం మానుకుని వెనక్కి తిరిగారని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. గోదావరి మరో పాయ వైనతేయ మీదుగా కాలువను దాటించే గన్నవరం అక్విడెక్టుకు ఆమె పేరే పెట్టారు. కొత్తవాళ్లను తీసుకెళ్లే నా మూడు రోజుల యాత్ర అక్కడే మొదలవుతుంది. ఆ కథ తెలియకుండా ఆ గట్టు మీద అడుగు వేయడం నాకు ఇష్టముండదు.

అపోహ: చదును నేలే కదా, రోజుకు పాతిక కిలోమీటర్లు సులువు.

వాస్తవం: నడకకు ఎంత సమయం పడుతుందో లెక్కగట్టడానికి 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండు కొండనడక నిపుణుడు ఒక సూత్రం చెప్పాడు: గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. మనకు రెండో సగంతో పని లేదు. మొదటి సగాన్ని కూడా నేను ఇక్కడ నమ్మను. తడిసిన గట్టు మట్టి చెప్పును పట్టి లాగుతుంది, సముద్రతీరపు ఇసుక కాలిని మింగుతుంది, గాలిలోని తేమ ఊపిరిని బరువెక్కిస్తుంది. ఆగడాలు, కొబ్బరిబొండాలు, పలకరింపులు కలిపి గంటకు 3 కిలోమీటర్లు వేసుకుంటాను.

కొండ మీద ఎక్కేటప్పుడు ఒక కండరానికి, దిగేటప్పుడు మరో కండరానికి పని పడుతుంది. ఇక్కడ పొద్దుటి నుంచి సాయంత్రం వరకు ఒకే కండరాలు ఒకే అడుగు వేస్తాయి. అందుకే మొదటి రోజు ఎవరూ అలసిపోరు. రెండో రోజు ఉదయం మంచం దిగేటప్పుడు మడమ చెబుతుంది. "రోజూ పదివేల అడుగులు వేస్తున్నాను" అనే ధీమా కూడా పనికిరాదు. ఆ అంకె 1960లలో జపానులో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి వ్యాప్తిలోకి వచ్చింది. పైగా మనం వేసే ఆ అడుగులు రోజంతా ముక్కలుముక్కలుగా పడేవి. యాత్రకు ముందు వరుసగా రెండు రోజులు, అవే చెప్పులతో, అదే సంచితో 10 కిలోమీటర్ల చొప్పున నడిచి చూడండి. రెండో రోజు బాగుంటే మీరు సిద్ధమే. తొలి యాత్రలో రోజుకు 12 కిలోమీటర్లు దాటకండి.

అపోహ: వేసవి సెలవుల్లో పెట్టుకుంటే అందరికీ వీలు.

వాస్తవం: వద్దు. మే నెలలో ఇక్కడి గాలిలో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. వడదెబ్బకు అదే దారి. పైగా వేసవిలో మరమ్మతుల కోసం కాలువలకు నీళ్లు ఆపేస్తారు. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద కాలం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది. మొదటి హెచ్చరిక రాకముందే లంకల్లోని (ఏటి మధ్య దిబ్బల్లోని) పల్లపు కాజ్‌వేలు మునిగిపోవచ్చు. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 1996 నవంబరు 6 తుపాను రాత్రిని చూసిన కోనసీమవాళ్లు ఆ నెలలో ఎవరినీ తీరం వెంట నడవమనరు. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా నడవండి. కనుమ రోజున జగ్గన్నతోట ప్రభల తీర్థం (జాతర) చూడాలనుకుంటే ఆ రోజు నడక తగ్గించుకోండి, జనం మధ్య దూరాలు లెక్కకు రావు. భీష్మ ఏకాదశి వేళ అంతర్వేదిలో కల్యాణోత్సవాలు, అప్పుడు గది దొరకడం కష్టం.

అపోహ: ఉదయం మోకాలిలోతున దాటిన నీటిని సాయంత్రం కూడా దాటవచ్చు.

వాస్తవం: ఈ తప్పు నేను చేశాను. మూడో ఏడాది, అయిదుగురిని వెంటబెట్టుకుని, తీరం దగ్గర ఒక చిన్న మొగను (నీరు సముద్రంలో కలిసే చోటును) ఉదయం మోకాలిలోతు నీటిలో దాటాను. నాలుగు గంటల తరువాత తిరిగి వచ్చేసరికి అక్కడ నడుము దాటిన నీళ్లు, పైకి ఎదురెక్కుతున్న ప్రవాహం. దిగబోతుంటే అవతల వల సర్దుకుంటున్న పెద్దాయన గట్టిగా కేక వేశారు: "దిగకండమ్మా! పౌర్ణమి పోటు. పాటు వచ్చేదాకా కూర్చోండి." కూర్చున్నాం, చీకటి పడేదాకా. మా అయిదుగురిలో ఇద్దరికి ఈత రాదని నాకు అప్పుడు తెలిసింది. బయలుదేరే ముందే అడగాల్సిన ప్రశ్న అది. ఇప్పుడు అందరినీ అడుగుతాను.

నీరు సుమారు ఆరు గంటలు ఎక్కుతుంది, అది పోటు; మరో ఆరు గంటలు దిగుతుంది, అది పాటు. ప్రతి రోజూ పోటు వేళ ముందురోజు కన్నా ముప్పావు గంట పైనే ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో తేడా అన్నిటికన్నా ఎక్కువ. కాబట్టి తీరం వెంట నడిచే రోజుకు పంచాంగం చూడండి, ముందురోజు సాయంత్రం రేవులో అడగండి. ఫోనులోని మ్యాపుకు పోటూ పాటూ తెలియవు. ఏరు కోసుకుపోయిన లంక ఒడ్డును కూడా అది ఇంకా దారిగానే చూపిస్తుంది.

అపోహ: కొబ్బరినీళ్లు ఉంటే చాలు, వేరే ఏమీ అక్కర్లేదు.

వాస్తవం: కొబ్బరితోటల మధ్య నడుస్తూ ఈ మాట అనడం నాకే కష్టంగా ఉంటుంది. కానీ చెమటలో ఎక్కువగా పోయేది సోడియం, కొబ్బరినీళ్లలో ఎక్కువగా ఉండేది పొటాషియం. బొండం తాగండి, దానితోపాటు ఉప్పు వేసిన మజ్జిగ కూడా తాగండి. సంచిలో ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉంచుకోండి. ఉప్పు లేకుండా మంచినీళ్లే లీటర్ల కొద్దీ తాగడం కూడా ప్రమాదమే.

అపోహ: ఖరీదైన బూట్లు లేనిదే మొదలుపెట్టకూడదు.

వాస్తవం: ఎత్తయిన తోలు బూటులో ఒకసారి నీరు చేరితే ఆ రోజంతా ఆరదు. తడి, వేడి, రాపిడి కలిస్తే బొబ్బ. అలవాటైన తేలిక బూట్లు, వెనక పట్టీ ఉన్న చెప్పులు ఒక జత, మార్చుకోవడానికి రెండు జతల మేజోళ్లు చాలు. నూలు మేజోళ్లు తడిని పట్టి ఉంచుతాయి కాబట్టి వద్దు. కొత్త బూట్లతో మాత్రం ఎప్పుడూ బయలుదేరకండి.

అపోహ: పాము కాటేస్తే పైన బిగించి తాడు కట్టాలి.

వాస్తవం: వరి పొలాల్లో నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఉంటాయి. బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం అన్నీ హాని చేసేవే. కాలిని కదలనివ్వకుండా కర్రతో ఆనించి వదులుగా కట్టి, ఉంగరాలు, పట్టీలు తీసేసి, 108కి ఫోను చేసి, విషవిరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి. పామును పట్టుకోవడానికి ఒక్క నిమిషం కూడా వృథా చేయకండి. మీరు వెళ్లే దారిలో ఆ మందు ఏ ఆసుపత్రిలో ఉందో ముందే తెలుసుకుని రాసిపెట్టుకోండి. చీకటిపడ్డాక గట్టు మీద టార్చి లేకుండా నడవకండి.

ఇక దారి. గన్నవరంలో వైనతేయ దాటి, మొదటి రాత్రి అప్పనపల్లి. మర్నాడు రాజోలు. మూడో రోజు ఉదయం మలికిపురం మీదుగా సఖినేటిపల్లి దాకా వాహనం, అక్కడి నుంచి అంతర్వేదికి నడక. ఉదయం పూట తూర్పు వైపు చెట్లున్న గట్టును ఎంచుకుంటే తొమ్మిదిన్నర దాకా నీడలో నడవవచ్చు. పదకొండుకల్లా నడక ఆపి, మళ్లీ మూడున్నరకు మొదలుపెట్టండి. దర్శనమయ్యాక వెనక్కి సఖినేటిపల్లి రేవుకు వచ్చి, పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద వసిష్ఠ దాటితే అవతల నరసాపురం, అక్కడ రైలు. చివరి పంటు ఎన్ని గంటలకో ఆ ఉదయమే రేవులో అడిగి ఉంచుకోండి.