రైలు కిటికీ దగ్గర ఆడే కంటిపాప

అనంతపురంలో రైలెక్కి గుత్తి వైపు వెళ్తుంటే ఒకసారి నా ఎదురుగా కిటికీ పక్కన అయిదారేళ్ళ పిల్లాడు కూర్చున్నాడు. బయట కరెంటు స్తంభాలు, చెనిక్కాయ చేల సాళ్ళు వెనక్కి పరుగెడుతున్నాయి. వాడి కంటిపాప ఒక స్తంభాన్ని పట్టుకుని దానితోపాటే మెల్లగా జరిగి, చటుక్కున వెనక్కి గెంతి ఇంకోదాన్ని పట్టుకుంటోంది. వీడి కళ్ళకేమైనా జబ్బేమోనని కాసేపు కంగారుపడ్డాను. జబ్బేం కాదు, అక్కడ కూర్చుంటే నా కళ్ళూ అదే పని చేస్తాయి. నాకే తెలియదంతే. దీని పేరు ఆప్టోకైనెటిక్ నిస్టాగ్మస్.

చూపు పరీక్ష మామూలుగా మన మాట మీదే నడుస్తుంది. 1862లో డచ్ వైద్యుడు స్నెల్లెన్ తెచ్చిన అక్షరాల చార్టును చదివి చెప్పాలి. చదువు రాని అవ్వకైతే ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం ఎటు తిరిగి ఉందో చేత్తో చూపించమంటారు. మరి మూడు నెలల బిడ్డ ఏం చెబుతుంది? ఆ బిడ్డ ముందు నలుపు తెలుపు చారల డ్రమ్మును మెల్లగా తిప్పుతారు. చారలు కనిపిస్తే కళ్ళు ఆడతాయి. చారల్ని సన్నం చేస్తూ పోతే ఒక దశలో అన్నీ కలిసిపోయి బూడిదరంగుగా కనిపిస్తాయి. ఇక పట్టుకోవడానికి ఏమీ లేక కన్ను ఊరుకుంటుంది. అప్పటిదాకా పట్టుకోగలిగిన చార ఎంత సన్నదో చూసి చూపును అంచనా వేస్తారు.

ఇది వినగానే చాలామందికి పింఛన్లు గుర్తొస్తాయి. ‘కళ్ళు కనబడవు’ అని వచ్చినవాళ్ళ ముందు డ్రమ్ము తిప్పితే గుట్టు తెలిసిపోదా? అక్కడే జాగ్రత్తగా ఉండాలి. 60 సెంటీమీటర్ల దూరంలో 6/6 చూపుకు, అంటే మామూలు చూపుకు, లెక్కకొచ్చే చార మందం సుమారు 0.17 మిల్లీమీటర్లు. 6/60కి, అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి పోల్చుకునేదాన్ని 6 మీటర్ల దగ్గరికొస్తేగానీ పోల్చుకోలేని చూపుకు, అయితే 1.75 మిల్లీమీటర్లు. అదే దూరంలో రెండున్నర సెంటీమీటర్ల చారలున్న డ్రమ్ము తిప్పితే? 6/60 కంటే ఎంతో తక్కువ చూపున్న మనిషి కళ్ళు కూడా ఆడొచ్చు. బొత్తిగా చీకటి కాదని తెలుస్తుంది, అంతే. దాన్నిబట్టి ఆ మనిషిని దొంగ అనేస్తే అన్యాయం. పైగా చారలు కదిలితే పసిగట్టడం వేరు, నిలిచి ఉన్న అక్షరాన్ని పోల్చుకోవడం వేరు. రెండు కొలతలూ ఒకటి కావాలని లేదు.

కన్ను ఆడకపోయినా గుడ్డితనం అని తేల్చడానికి లేదు. డ్రమ్మును పట్టించుకోకుండా దాని అవతలికి చూపు నిలిపితే ఆట ఆగిపోతుంది. గుత్తి దగ్గరపడుతుండగా ఆ పిల్లాడికి కోట కొండ కనబడింది. “అమ్మా, అదో!” అంటూ కిటికీ ఊచలు పట్టుకుని దానివైపే చూస్తూ ఉండిపోయాడు. స్తంభాలు పోతూనే ఉన్నాయి. కంటిపాపలు మాత్రం గెంతడం మానేశాయి.