59 టెస్టులు, 38 డ్రాలు: భారత్–పాకిస్థాన్ టెస్టు క్రికెట్ ఎందుకు ఆగిపోయింది?

భారత్, పాకిస్థాన్ జట్లు చివరిసారి టెస్టు ఆడింది 2007 డిసెంబరులో, బెంగళూరులో. సౌరవ్ గంగూలీ 239 పరుగులు చేసిన ఆ మ్యాచ్, చివరి రోజు పాకిస్థాన్ 7 వికెట్లకు 162 పరుగుల వద్ద ఉండగా డ్రాగా ముగిసింది. ఆ తర్వాత రెండు దేశాల్లోనూ ఒక తరం ఆటగాళ్లు వచ్చారు, వారిలో కొందరు రిటైరయ్యారు కూడా. విరాట్ కోహ్లి, రోహిత్ శర్మ, పుజారా, అశ్విన్ పాకిస్థాన్‌తో ఒక్క టెస్టూ ఆడకుండానే తమ టెస్టు జీవితాన్ని ముగించారు. అటువైపు బాబర్ ఆజం, షహీన్ అఫ్రిది భారత్‌తో టెస్టు ఎలా ఉంటుందో ఎరగరు. అయినా ఈ సిరీస్ మళ్లీ జరగాలా, జరిగితే ఎక్కడ జరగాలి, ఎవరు గెలుస్తారు అన్న వాదన అభిమానుల్లో చల్లారలేదు. ఆ వాదనలో తరచూ వినిపించే మాట, రాజకీయాలు ఒక గొప్ప టెస్టు పోరును మధ్యలో తెంచేశాయన్నది. చరిత్రను వరుసగా చూస్తే మాత్రం ఈ రెండు జట్ల మధ్య టెస్టులు ఆగిపోవడం కంటే, ఆగకుండా కొన్నేళ్లు సాగడమే అరుదైన సంగతి అని తేలుతుంది.

పాకిస్థాన్ టెస్టు క్రికెట్ పుట్టిందే భారత గడ్డపై. 1952 జులైలో టెస్టు హోదా పొందిన ఆ జట్టు, అదే ఏడాది అక్టోబరులో ఢిల్లీలో తొలి టెస్టు ఆడింది. పాక్ కెప్టెన్ అబ్దుల్ హఫీజ్ కర్దార్ 1946 ఇంగ్లాండ్ పర్యటనలో భారత్ తరఫున టెస్టులు ఆడినవాడు. భారత కెప్టెన్ లాలా అమర్‌నాథ్ లాహోర్‌లో క్రికెట్ నేర్చుకున్నవాడు. విభజన జరిగి అప్పటికి ఐదేళ్లే అయింది కనుక రెండు జట్లలోనూ ఒకరినొకరు బాగా ఎరిగినవారే ఎక్కువ. ఆ ఢిల్లీ టెస్టులో వినూ మన్కడ్ 13 వికెట్లు తీశాడు, భారత్ ఇన్నింగ్స్ 70 పరుగుల తేడాతో గెలిచింది. హైదరాబాద్ ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్ బ్యాటుతో అర్ధసెంచరీ చేసి, హేమూ అధికారితో కలిసి చివరి వికెట్‌కు 109 పరుగులు జోడించింది కూడా ఈ మ్యాచ్‌లోనే. లక్నోలో జనపనార మ్యాటింగ్ పరిచిన పిచ్‌పై జరిగిన రెండో టెస్టులో కథ తిరగబడింది. నజర్ మహమ్మద్ ఇన్నింగ్స్ మొదటినుంచి చివరిదాకా నిలిచి 124 పరుగులతో అజేయంగా మిగలగా, ఫజల్ మహమూద్ 12 వికెట్లు తీసి పాకిస్థాన్‌కు తొలి టెస్టు విజయాన్ని అందించాడు. భారత్ ఆ సిరీస్‌ను 2–1తో గెలుచుకుంది.

ఆరంభం ఇంత రసవత్తరంగా ఉంటే, తరువాతి కథ అభిమానులు గుర్తు పెట్టుకోదగినది కాదు. 1952 సిరీస్‌లో చివరి రెండు టెస్టులు డ్రా అయ్యాయి. 1954–55లో భారత్ పాకిస్థాన్ వెళ్లి ఆడిన ఐదు టెస్టులూ డ్రా. 1960–61లో పాకిస్థాన్ వచ్చి ఆడిన ఐదూ డ్రా. పదిహేడేళ్ల విరామం తర్వాత 1978లో ఫైసలాబాద్‌లో జరిగిన టెస్టు కూడా డ్రా అయింది. వరుసగా 13 టెస్టుల్లో ఫలితం లేదు.

దీనికి పిచ్‌లను మాత్రమే తప్పు పట్టడం సరికాదు. గెలవాలన్న కోరిక కంటే ఓడకూడదన్న భయం రెండు జట్లలోనూ బలంగా ఉండేది, ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. 1978లో పాకిస్థాన్‌లో 2–0తో ఓడిన బిషన్ సింగ్ బేదీ కెప్టెన్సీ పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది భారత్‌లో 2–0తో ఓడిన ఆసిఫ్ ఇక్బాల్ ఆ సిరీస్ తర్వాత మళ్లీ టెస్టు ఆడలేదు. 1982–83లో 3–0తో ఓడి వచ్చిన సునీల్ గవాస్కర్ స్థానంలో కపిల్ దేవ్ కెప్టెన్ అయ్యాడు. మూడు సిరీస్‌లలో ఓడిన ముగ్గురు కెప్టెన్లూ పదవి కోల్పోయారంటే, నాలుగో కెప్టెన్ సాహసం చేసి డిక్లేర్ చేస్తాడని (వికెట్లు మిగిలి ఉండగానే తన ఇన్నింగ్స్ ముగిస్తాడని) ఆశించడం అత్యాశే. వీరిలో ఆసిఫ్ ఇక్బాల్ హైదరాబాద్‌లో పుట్టి, అక్కడే రంజీ క్రికెట్ ఆడి, 1961లో పాకిస్థాన్‌కు తరలిపోయినవాడు. పైన చెప్పిన గులాం అహ్మద్‌కు మేనల్లుడు. మేనమామ భారత జట్టుకు, మేనల్లుడు పాకిస్థాన్ జట్టుకు టెస్టుల్లో కెప్టెన్లు కావడం ఈ రెండు దేశాల క్రికెట్‌కు తప్ప మరెక్కడా చెల్లదేమో.

పదిహేడేళ్ల విరామం ఎందుకు వచ్చిందో విడమరచి చెప్పనక్కర్లేదు. 1965, 1971 యుద్ధాల మధ్య క్రికెట్ మాట ఎత్తే వాతావరణమే లేదు. 1978లో సిరీస్ తిరిగి మొదలవడం మాత్రం గమనించదగినది, ఎందుకంటే అది క్రికెట్ బోర్డులు తమంతట తాము తెచ్చుకున్న మార్పు కాదు. ఢిల్లీలో జనతా ప్రభుత్వం వచ్చి పొరుగుదేశాలతో సంబంధాలు మెరుగుపరచుకునే ప్రయత్నంలో ఉన్న కాలమది. అప్పటినుంచి 1989 వరకు పదకొండేళ్లలో రెండు జట్లూ 29 టెస్టులు ఆడాయి. మొత్తం 59 టెస్టుల్లో దాదాపు సగం ఈ ఒక్క కాలంలోనే జరిగాయి. ఆ ఇరవై తొమ్మిదిలో 21 డ్రా.

ఆ దశాబ్దంలోనూ ఆట ప్రభుత్వాల నీడ నుంచి బయటపడలేదు. 1984 అక్టోబరు 31న సియాల్‌కోట్‌లో వన్డే మ్యాచ్ జరుగుతుండగా ఇందిరాగాంధీ హత్య వార్త అందింది. రెండు టెస్టులు ముగిసిన ఆ పర్యటన అక్కడితో ఆగిపోయింది. 1987 ఫిబ్రవరిలో రాజస్థాన్ సరిహద్దులో సైన్యాలు మోహరించి ఉన్న సమయంలో పాకిస్థాన్ అధ్యక్షుడు జనరల్ జియా ఉల్ హక్ జైపూర్ టెస్టు చూసే మిషతో వచ్చి భారత ప్రధానిని కలిశాడు. క్రికెట్ దౌత్యం అన్న మాటకు అప్పుడే ప్రచారం వచ్చింది. ఆ సిరీస్‌లో మొదటి నాలుగు టెస్టులు పేలవంగా డ్రా అయ్యాక, బెంగళూరులో బంతి గిరగిరా తిరిగే పిచ్‌పై ఐదో టెస్టు జరిగింది. మణీందర్ సింగ్ 27 పరుగులకు 7 వికెట్లు తీయడంతో పాకిస్థాన్ 116కే కుప్పకూలింది. అయినా చివరికి 221 పరుగుల లక్ష్యం ముందు భారత్ 204 వద్ద ఆగిపోయింది. గవాస్కర్ తన చివరి టెస్టు ఇన్నింగ్స్‌లో 96 పరుగులు చేశాడు. ఇక్బాల్ ఖాసిం, తౌసీఫ్ అహ్మద్ చెరి 9 వికెట్లు పంచుకున్నారు. పదహారు పరుగుల ఆ ఓటమిని నాటి ప్రేక్షకులు నేటికీ బంతి బంతిగా చెప్పుకుంటారు.

ఈ వైరం క్రికెట్‌కు మిగిల్చిన మేలు కూడా ఒకటుంది. ఆతిథ్య దేశపు అంపైర్లు పక్షపాతం చూపుతున్నారన్న ఆరోపణ రెండువైపులా ఏళ్ల తరబడి నలిగింది. 1986లో ఇమ్రాన్ ఖాన్ చొరవతో పాకిస్థాన్–వెస్టిండీస్ టెస్టుకు ఇద్దరు భారత అంపైర్లను పిలిపించారు. 1989లో భారత్ పాకిస్థాన్ వెళ్లినప్పుడు ఇంగ్లాండ్ అంపైర్లు జాన్ హాంప్‌షైర్, జాన్ హోల్డర్ ఆ సిరీస్‌కు పనిచేశారు. పదహారేళ్ల సచిన్ తెందుల్కర్, వకార్ యూనిస్ ఒకే టెస్టులో అరంగేట్రం చేసిన ఆ సిరీస్‌లో నాలుగు టెస్టులూ డ్రా అయ్యాయి గాని, అంపైర్లపై గొడవ మాత్రం బాగా తగ్గింది. ప్రతి టెస్టులోనూ ఇద్దరు అంపైర్లూ తటస్థ దేశాలవారే ఉండాలన్న నియమం ప్రపంచమంతటా రావడానికి మరి పదమూడేళ్లు పట్టింది.

ఆ తర్వాత మళ్లీ తొమ్మిదేళ్ల ఖాళీ. 1999 జనవరిలో పాకిస్థాన్ రాకను వ్యతిరేకిస్తూ శివసేన కార్యకర్తలు ఢిల్లీ ఫిరోజ్ షా కోట్లా పిచ్‌ను తవ్వేయడంతో తొలి టెస్టు చెన్నైకి మారింది. అభిమానుల గురించి మాట్లాడాలంటే ఆగి చూడవలసిన టెస్టు అదే. 271 పరుగుల లక్ష్యంతో దిగిన భారత్ 82 పరుగులకు 5 వికెట్లు కోల్పోయింది. నడుమునొప్పితో మెలికలు తిరుగుతూనే సచిన్ 136 పరుగులు చేసి, నయన్ మోంగియాతో కలిసి జట్టును గట్టెక్కించేంత పని చేశాడు. గెలుపుకు 17 పరుగుల దూరంలో సక్లయిన్ ముస్తాక్ బంతిని ఎత్తి కొట్టబోయి వసీం అక్రమ్‌కు క్యాచ్ ఇచ్చాడు. మిగిలిన మూడు వికెట్లు నాలుగు పరుగులకే రాలిపోయాయి; పాకిస్థాన్ 12 పరుగులతో గెలిచింది. స్టేడియం కొన్ని క్షణాలు నిశ్శబ్దమైపోయి, ఆపై లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పాకిస్థాన్ ఆటగాళ్లు మైదానం చుట్టూ తిరిగి ఆ అభినందన అందుకున్నారు.

ఆ చప్పట్లను అందరూ గుర్తు చేసుకుంటారు కాని, అదే సిరీస్ వెంటనే వచ్చిన కోల్‌కతా టెస్టును అంతగా తలవరు. మధ్యలో ఢిల్లీలో అనిల్ కుంబ్లే ఒకే ఇన్నింగ్స్‌లో 74 పరుగులకు 10 వికెట్లు తీసి లెక్క సరిచేశాక, ఆసియా టెస్టు చాంపియన్‌షిప్‌లో భాగంగా రెండు జట్లూ ఈడెన్ గార్డెన్స్‌లో మళ్లీ ఎదురుపడ్డాయి. పరుగు తీస్తూ షోయబ్ అఖ్తర్‌ను తగిలిన సచిన్ రనౌట్ కావడంతో ప్రేక్షకులు సీసాలు విసిరారు. సచిన్ స్వయంగా వచ్చి బతిమాలితే గాని ఆట సాగలేదు. చివరి రోజు గొడవ మళ్లీ రేగడంతో పోలీసులు స్టాండ్లను ఖాళీ చేయించారు, పాకిస్థాన్ ఖాళీ మైదానంలో 46 పరుగులతో గెలిచింది. చెన్నైకి, కోల్‌కతాకు మధ్య వ్యవధి నెలరోజులైనా లేదు. ఆ ఫిబ్రవరిలోనే ప్రధాని వాజపేయి బస్సులో లాహోర్ వెళ్లారు. వేసవిలో కార్గిల్ యుద్ధం వచ్చింది. భారత–పాక్ అభిమానులు సహృదయులనో, ఉద్రేకపరులనో ఒక్క మాటలో తేల్చేవారు ఈ రెండు టెస్టులనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

సహృదయత కథ అంతకు ముందూ ఉంది. 1955లో లాహోర్ టెస్టు చూడడానికి సరిహద్దు సడలించినప్పుడు వేలాది భారతీయులు వాఘా దాటి వెళ్లారు. విభజనలో వదిలి వచ్చిన ఊరిని మళ్లీ చూసుకోవడమే వారిలో చాలామందికి అసలు పని. 2004లో భారత జట్టు పాకిస్థాన్ వెళ్లినప్పుడూ వేలమంది అభిమానులకు వీసాలు దొరికాయి. ముల్తాన్‌లో సెహ్వాగ్ 309 పరుగులు చేశాడు, సచిన్ 194 వద్ద ఉండగా ద్రవిడ్ డిక్లేర్ చేశాడు (ఆ నిర్ణయంపై వాదన ఎన్నటికీ ముగిసేది కాదు). పాకిస్థాన్ గడ్డపై భారత్‌కు అది తొలి టెస్టు విజయం. రావల్పిండిలో ద్రవిడ్ 270 పరుగులతో సిరీస్ 2–1గా భారత్‌ది అయింది. 1999లో ఆడిన మూడు టెస్టుల్లోనూ, 2004లో ఆడిన మూడింటిలోనూ ఒక్కటి కూడా డ్రా కాలేదు. ఈనాటి అభిమానుల్లో ఎక్కువమందికి భారత్–పాక్ టెస్టు అనగానే కళ్లముందు మెదిలేవి ఆ ఆరు మ్యాచ్‌లే. మొత్తం లెక్క చూస్తే పాకిస్థాన్ 12, భారత్ 9 గెలవగా 38 డ్రా అయ్యాయన్నది అందుకే చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది.

2005, 2006, 2007లో వరుసగా సిరీస్‌లు జరిగి, ఇక ఇది ఏటా సాగే వ్యవహారమని అందరూ అనుకుంటున్న వేళ 2008 నవంబరు 26న ముంబైపై ఉగ్రదాడి జరిగింది. 2009 ఆరంభంలో జరగవలసిన భారత పర్యటన రద్దయింది. ఆ లోటు పూడ్చడానికి శ్రీలంక జట్టు పాకిస్థాన్ వెళ్లింది. మార్చి 3న లాహోర్‌లో ఆ జట్టు బస్సుపైనే కాల్పులు జరిగాయి, ఆ తర్వాత పదేళ్లకు పైగా పాకిస్థాన్‌లో టెస్టు అన్నదే లేకపోయింది. 2012–13 శీతాకాలంలో పాకిస్థాన్ భారత్‌కు వచ్చి కొన్ని పరిమిత ఓవర్ల మ్యాచ్‌లు ఆడి వెళ్లింది. రెండు దేశాల మధ్య ద్వైపాక్షిక సిరీస్ అదే ఆఖరు. 2014లో కుదిరిన ఒప్పందం ప్రకారం భారత్ సిరీస్‌లు ఆడలేదంటూ పాక్ బోర్డు పరిహారం కోరగా, ఐసీసీ వివాద పరిష్కార సంఘం 2018 నవంబరులో ఆ దావాను కొట్టేసింది.

ప్రపంచకప్‌లలో, ఆసియా కప్‌లలో ఆడగలిగినవారు టెస్టు ఎందుకు ఆడలేరన్నది అభిమానుల ప్రశ్న. పరిమిత ఓవర్ల మ్యాచ్ ఒక రోజులో, తటస్థ దేశంలో ముగిసిపోతుంది. ప్రసార హక్కుల ఆదాయమంతా ఆ ఒక్క రోజులోనే వచ్చేస్తుంది. టెస్టు సిరీస్ అంటే ఒక జట్టు వారాల తరబడి అవతలి దేశంలో, మూడు నాలుగు నగరాల్లో ఉండాలి. దానికి ప్రభుత్వం ఇవ్వవలసిన అనుమతి బరువు వేరు, ఆ కాలంలో ఏ ఘటన జరిగినా ఎదుర్కోవలసిన ఇరకాటం వేరు. 2019లో మొదలైన ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ కూడా ఈ చిక్కును తప్పించుకుంది గాని విప్పలేదు. తొమ్మిది జట్లలో ఒక్కొక్కటి ఆరింటితోనే ఆడాలన్న ఏర్పాటు ఉండడంతో భారత్, పాకిస్థాన్ ఒకదాన్నొకటి వదిలేయడానికి వీలు చిక్కింది. 2022లో మెల్‌బోర్న్‌లో టీ20 ప్రపంచకప్ మ్యాచ్‌కు 90 వేలకు పైగా జనం వచ్చాక, అక్కడి మైదాన నిర్వాహకులు తటస్థ వేదికగా టెస్టు నిర్వహించాలన్న ఆసక్తి చూపారు. అది ముందుకు సాగలేదు.

పహల్గాం దాడి, ఆ తర్వాతి సైనిక ఘర్షణ నేపథ్యంలో 2025 ఆగస్టులో భారత క్రీడాశాఖ తన విధానాన్ని రాతపూర్వకంగా ప్రకటించింది. దాని ప్రకారం పాకిస్థాన్‌తో ద్వైపాక్షిక పోటీలు ఉండవు. పలు దేశాలు పాల్గొనే పోటీల్లో మాత్రం భారత జట్లు ఆడతాయి. 1961 నుంచి 1978 వరకు సాగిన విరామాన్ని ప్రస్తుత విరామం సరిగ్గా ఆ ఆగస్టులోనే దాటింది. ఈ విధానం కింద మిగిలిన దారి టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్ ఒక్కటే. భారత్ 2021లో, 2023లో అక్కడికి చేరి రెండుసార్లూ ఓడింది. పాకిస్థాన్ ఒక్కసారీ చేరలేదు, 2023–25 పట్టికలో అయితే తొమ్మిదో స్థానంలో, అట్టడుగున నిలిచింది.