నాష్‌కు వినబడిన గొంతులు

‘ఎ బ్యూటిఫుల్ మైండ్’ చూసినవాళ్లు చార్ల్స్‌ను అంత తేలిగ్గా మరిచిపోలేరు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో గణిత శాస్త్రవేత్త జాన్ నాష్ గదిలోకి తూలుకుంటూ వచ్చే రూమ్మేట్ అతను. వెంట ఓ మేనకోడలు. సినిమా సగమయ్యాక వాళ్లసలు లేనే లేరని తెలుస్తుంది. ఏళ్లు గడిచినా ఆ పాప ఎదగడం లేదని నాష్ గ్రహించి, వెళ్లిపోతున్న భార్య కారుకు వానలో అడ్డంపడి చెబుతాడు. ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పట్టేసే ఘట్టమది.

అసలు నాష్‌కు అలాంటి మనుషులెవరూ కనబడలేదు. 1959లో స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు బయటపడినప్పుడు వచ్చినవి వింత నమ్మకాలు. న్యూయార్క్ టైమ్స్ పేపర్లో తనకోసం రహస్య సందేశాలు అచ్చవుతున్నాయని, తాను అంటార్కిటికాకు చక్రవర్తి కాబోతున్నానని. గొంతులు వినబడటం ఆ తర్వాత కొన్నేళ్లకు. స్కిజోఫ్రీనియాలో లేని మనిషి కనబడటం కంటే లేని గొంతు వినబడటమే ఎక్కువ. కానీ గొంతును తెరమీద చూపించడం కష్టం. అందుకే 2001లో దర్శకుడు రాన్ హోవార్డ్ ఆ గొంతులకు మనిషి రూపం ఇచ్చాడు.

ఇంతకీ ఆ గొంతు ఎవరిది? మీ అరికాలికి మీరే చక్కిలిగిలి పెట్టుకుని చూడండి. నవ్వు రాదు. చెయ్యి కదలమని చెప్పేటప్పుడే మెదడు ఆ కబురు నకలొకటి స్పర్శ తెలిసే భాగాలకూ పంపుతుంది: ఇది మన పనే, పట్టించుకోనక్కర్లేదు అని. మనసులో మాట్లాడుకునేటప్పుడూ ఇలాంటి ఏర్పాటే ఉంటుందని, అది తప్పితే సొంత మాటే పరాయి గొంతులా వినిపిస్తుందని చాలామంది పరిశోధకులు భావిస్తున్నారు. మెదడులోని డోపమిన్ అనే రసాయనం పాత్ర, వంశపారంపర్యం కూడా ఇందులో కలిసి ఉన్నాయి. మన ఊళ్లలో ‘గాలి సోకింది’ అని వేపమండలతో కొడతారే, ఆ మనిషిని భయపెడుతున్నది చాలాసార్లు అతని సొంత మాటే.

ఇంత తర్కం తెలిసినవాడివి, ఆ వింతలన్నీ ఎలా నమ్మావని ఆసుపత్రిలో ఉన్న నాష్‌ను తోటి గణిత శాస్త్రవేత్త ఒకాయన అడిగాడు. లెక్కల ఆలోచనలు ఎలా తట్టాయో ఇవీ అలాగే తట్టాయి, అందుకే నమ్మానన్నాడు నాష్.

ఆ లెక్కల విషయంలోనూ సినిమా తడబడింది. నాష్ సమతౌల్యం అంటే, మిగతావాళ్లు తమ ఎత్తు మార్చనంతవరకు ఏ ఒక్కరూ తమది మార్చుకుని లాభపడలేని స్థితి. సినిమా బార్ సీన్‌లో నాష్, తన స్నేహితులంతా అందగత్తెను వదిలేసి ఆమె పక్కనున్న అమ్మాయిల దగ్గరికి వెళ్లాలంటాడు. అప్పుడు ఒకడు మాట తప్పి ఆమె దగ్గరికి వెళ్తే వాడికే లాభం! అది సమతౌల్యం కానే కాదు. అసలు సిద్ధాంతం 1950లో రాసిన 28 పేజీల థీసిస్‌లో ఉంది. దానికే 1994లో నోబెల్ వచ్చింది.

చివర్లో కొత్త మందులు వాడుతున్నానని సినిమా నాష్ చెబుతాడు. నిజానికి ఆయన 1970లోనే మందులు మానేశాడు. ఈ మార్పును మాత్రం నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. నాష్‌లా మందుల్లేకుండా కోలుకోవడం అరుదు. మానేస్తే జబ్బు తిరగబెట్టేవాళ్లే ఎక్కువ.

నాకు లోటనిపించేది నాష్ భార్య అలీసియా కథ. 1963లో ఆమె విడాకులు తీసుకుంది. సినిమాలో ఆ ఊసే లేదు. అయినా 1970లో, వెళ్లడానికి చోటు లేని ఆయన్ని మళ్లీ తన ఇంట్లో పెట్టుకుంది. ప్రిన్స్‌టన్ గణిత విభాగం ఉండే ఫైన్ హాల్ బోర్డుల మీద ఎవరికీ అర్థంకాని అంకెలు రాసే నాష్, ఆ ఏళ్లలో సాయంత్రానికి వెళ్లింది ఆ ఇంటికే. సినిమా విడుదలైన 2001లోనే వాళ్లిద్దరూ మళ్లీ పెళ్లి చేసుకున్నారు.